మెదడు ఆపరేషన్ తర్వాత పిల్లలకు వాంతులు: ముందు రోజు నుంచి ఇంటికి చేరేదాకా ఏం చేయాలి

బిడ్డకు మెదడు ఆపరేషన్ చేయాలని తెలిసిన రోజు నుంచి తల్లిదండ్రులు డాక్టర్‌ని వంద ప్రశ్నలు అడుగుతారు. గడ్డ మొత్తం తీసేస్తారా, చూపు బాగుంటుందా, ఐసీయూలో ఎన్ని రోజులు ఉంచుతారు? ఆ వందలో వాంతుల సంగతి ఉండదు. ఆపరేషన్ బాగా జరిగిందన్న మాట విని అందరూ కాస్త కుదుటపడ్డాక, ఆ సాయంత్రమే అది మొదలవుతుంది. తలకు కట్టుతో, కళ్లు సరిగా తెరవకుండానే బిడ్డ డోకుతూ ఏడుస్తుంటే పక్కన నిలబడి చూడటం మామూలు కష్టం కాదు.

దీన్ని పూర్తిగా లేకుండా చేయలేకపోయినా చాలావరకు తగ్గించవచ్చు. వాంతులు ఆపే మందులు డాక్టర్ల దగ్గర ఉన్నాయి. ఏ బిడ్డకు వాంతులయ్యే అవకాశం ఎక్కువో చెప్పే సమాచారం మాత్రం మీ దగ్గరే ఉంది. అది వాళ్లకు ఆపరేషన్ అయ్యాక చేరితే పెద్దగా లాభం లేదు, ముందే చేరాలి.

వాంతులదేముంది, రెండు రోజుల్లో అవే తగ్గుతాయి అని కొందరు అంటారు. వేరే ఆపరేషన్లలో ఆ మాట కొంతవరకు నిజమే. మెదడు ఆపరేషన్‌లో అలా వదిలేయలేం. వాంతి చేసుకునేటప్పుడు పొట్ట, ఛాతీ బిగుసుకుంటాయి, ఆ బిగువుకు తలలో ఒత్తిడి పెరుగుతుంది. లోపల అప్పుడే కట్టిన రక్తనాళాలు, పైన అప్పుడే వేసిన కుట్లు ఆ ఒత్తిడిని తట్టుకోవాలి. మగతగా ఉన్న బిడ్డకు వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంటుంది. నోటితో ఇచ్చిన ఫిట్స్ మందు అలాగే బయటికి వచ్చేస్తుంది. వీటన్నిటి కంటే చిక్కైన విషయం మరొకటి ఉంది. తలలో రక్తం చేరినా, మెదడు వాచినా, మెదడు నీరు (మెదడు లోపల, చుట్టూ తిరిగే ద్రవం) నిలిచిపోయినా ముందు కనిపించే లక్షణాల్లో వాంతి ఒకటి. మామూలు వాంతులను ముందే అదుపులో పెడితే, ఆ తర్వాత వచ్చే వాంతి ఏం చెబుతోందో డాక్టర్‌కు త్వరగా తెలుస్తుంది.

అసలు వాంతి ఎందుకొస్తుంది?

మెదడు అడుగున, వెనక వైపు, నాలుగో జఠరిక అనే చిన్న గది ఉంటుంది. దాని నేల మీద రక్తంలో విషం ఏమైనా ఉందా అని కనిపెట్టే ఒక చిన్న ప్రాంతం ఉంది. మెదడులో మిగతా చోట్ల రక్తానికీ మెదడు కణాలకూ మధ్య గట్టి అడ్డుగోడ ఉంటుంది, ఇక్కడ మాత్రం ఆ గోడ పలచన. మత్తుమందులు, మార్ఫిన్ లాంటి నొప్పి మందులు ఇక్కడ తేలిగ్గా తగులుతాయి. శరీరం వాటిని విషంగా లెక్కేసి వాంతి చేయిస్తుంది.

పిల్లల్లో వచ్చే మెదడు గడ్డల్లో సుమారు సగం ఈ వెనక భాగంలోనే, చిన్నమెదడు చుట్టుపక్కలే ఉంటాయి. అంటే సర్జన్ చేయి పెట్టేది వాంతి కేంద్రం పక్కనే. శరీరం తూలకుండా చూసే నరాల కేంద్రాలు కూడా అక్కడే ఉన్నాయి. అవి కదిలితే కళ్లు తిరుగుతాయి, దానితో వికారం. మెదడు నీటిలో కలిసిన కొద్దిపాటి రక్తం, పొట్ట నుంచి వేగస్ నరం మోసుకొచ్చే సంకేతాలు, భయం, ఖాళీ కడుపు కూడా తోడవుతాయి. కారణాలు ఇన్ని ఉన్నాయి కాబట్టే ఒక్క మందుతో పని జరగదు. కొన్ని చిన్న పనులు కలిపి చేయాలి.

అడుగు 1: మత్తు డాక్టర్‌కు ఇవి ముందే చెప్పండి

ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టర్ వచ్చి మాట్లాడతారు. చాలామంది ఆ పది నిమిషాలూ తలూపడంతో గడిపేస్తారు. మీరు కింది విషయాలను కాగితం మీద రాసుకుని కూర్చోండి.

బిడ్డకు ఇంతకు ముందు ఏదైనా ఆపరేషన్ తర్వాత గానీ, మత్తు ఇచ్చి చేసిన స్కాన్ తర్వాత గానీ వాంతులయ్యాయా? కారులో, బస్సులో వెళ్తే కడుపులో తిప్పుతుందా? అమ్మకు, నాన్నకు, తోబుట్టువులకు ఆపరేషన్ల తర్వాత వాంతులయ్యాయా? చివరి ప్రశ్నను తేలిగ్గా తీసుకోకండి. "నాకు సిజేరియన్ అప్పుడు రాత్రంతా వాంతులే" అన్న తల్లి మాట మత్తు డాక్టర్‌కు చాలా పనికొస్తుంది.

పిల్లల కోసం 2004లో తయారైన ఒక సాదా లెక్కలో నాలుగు ప్రశ్నలే ఉన్నాయి: ఆపరేషన్ అరగంట దాటుతుందా, వయసు మూడేళ్లు నిండిందా, బిడ్డకు గానీ దగ్గరి వాళ్లకు గానీ ఇలాంటి వాంతుల చరిత్ర ఉందా, చేసేది మెల్లకన్ను ఆపరేషనా? ఒక్కటీ లేకపోతే వాంతులయ్యే అవకాశం సుమారు 9 శాతం, ఒకటి ఉంటే 10, రెండుంటే 30, మూడుంటే 55, నాలుగూ ఉంటే 70 శాతం. మెదడు ఆపరేషన్ ఎలాగూ అరగంట దాటుతుంది. మూడేళ్లు దాటిన బిడ్డకు అప్పుడే రెండు వచ్చేశాయి. ఇంట్లో వాంతుల చరిత్ర కూడా ఉంటే అవకాశం సగానికి పైనే. ఈ లెక్క మెదడు ఆపరేషన్ల కోసం ప్రత్యేకంగా కట్టింది కాదు కాబట్టి దాన్ని కనీస అంచనాగానే చూడండి. రెండేళ్లలోపు పిల్లలకు ఈ బాధ కొంత తక్కువ. మూడేళ్ల నుంచి పెరుగుతుంది. యుక్తవయసు వచ్చాక అబ్బాయిల కంటే అమ్మాయిలకు ఎక్కువ.

ఆపరేషన్‌కు ముందు నుంచే వాంతులవుతుంటే అదీ చెప్పండి. ఎప్పుడు, ఎన్నిసార్లు, పొద్దున్నే లేవగానే అవుతున్నాయా అన్నది కూడా. వాడుతున్న మందులన్నీ, ఆయుర్వేదం, హోమియోతో సహా చెప్పాలి. గుండె లయ తేడా ఉందని ఎవరైనా ఎప్పుడైనా అని ఉంటే తప్పకుండా చెప్పండి. వాంతులకు ఎక్కువగా వాడే ఆన్‌డాన్‌సెట్రాన్ కొందరిలో గుండె లయను మార్చగలదు.

అడుగు 2: కడుపు ఖాళీగా ఉంచమన్నారని అతిగా ఎండబెట్టకండి

మామూలు లెక్క ఇది. భోజనం లాంటిది ఏదైనా ఆపరేషన్‌కు 6 గంటల ముందు ఆపాలి, బరువైన భోజనమైతే ఇంకా ముందే. తల్లిపాలు 4 గంటల ముందు ఆపాలి, కొన్నిచోట్ల 3 గంటలకు ఒప్పుకుంటారు. నీళ్ల లాంటి తేట ద్రవాలు 2 గంటల ముందు ఆపాలి. పిల్లల విషయంలో ఇప్పుడు చాలాచోట్ల దాన్ని 1 గంటకు తగ్గించారు. అయితే తలలో ఒత్తిడి బాగా పెరిగిన పిల్లలకు, ముందే వాంతులవుతున్న పిల్లలకు కడుపు ఆలస్యంగా ఖాళీ అవుతుంది. వాళ్ల లెక్క వేరుగా ఉండవచ్చు. కాబట్టి మీ బిడ్డకు ఏ గంట వరకు ఏం ఇవ్వాలో అడిగి, గడియారం టైమ్ రాయించుకోండి.

మామూలుగా జరిగే పొరపాటు భయంతో రాత్రి నుంచే నీళ్లు కూడా ఆపేయడం. అలా ఎండిన బిడ్డ చిరాకు పడుతుంది, లేచాక వికారమూ ఎక్కువే. ఆపరేషన్ వాయిదా పడి గంటలు జరుగుతుంటే మొహమాటపడకుండా నర్సును అడగండి: "ఇంకా టైముంటే నీళ్లు ఇవ్వచ్చా, లేకపోతే సెలైన్ పెడతారా?"

అడుగు 3: థియేటర్‌లో ఏం చేస్తారో తెలుసుకోండి

ఇక్కడ మీరు చేసేదేమీ లేదు, కానీ అడగగలిగే ప్రశ్నలు ఉన్నాయి. "మా బిడ్డకు వాంతులు రాకుండా ముందుగానే ఏం ఇస్తున్నారు?" అన్న ఒక్క ప్రశ్న చాలు. జవాబు అర్థం కావడానికి కొంచెం నేపథ్యం.

రిస్క్ ఉన్న పిల్లలకు రెండు వేర్వేరు రకాల మందులు కలిపి ఇవ్వడం ఇప్పుడు మామూలు పద్ధతి. ఒకటి ఆన్‌డాన్‌సెట్రాన్, రెండోది డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్. గడ్డ ఉన్న పిల్లలకు మెదడు వాపు తగ్గడానికి డెక్సామెథసోన్ ఎలాగూ నడుస్తూనే ఉంటుంది, అదే వికారానికీ పనిచేస్తుంది. కొన్ని రకాల గడ్డల అనుమానం ఉన్నప్పుడు మాత్రం శాంపిల్ తీసేదాకా స్టెరాయిడ్ ఇవ్వరు. ఎందుకు ఇవ్వలేదని గొడవపడకండి, కారణం అడగండి.

పీల్చే మత్తు వాయువుల కంటే నరంలోకి ఇచ్చే ప్రొపొఫాల్‌తో నడిపిన మత్తుకు వాంతులు తక్కువ. నైట్రస్ ఆక్సైడ్ అనే వాయువు వాడకపోవడం కూడా మేలే. అయితే ఆపరేషన్ మధ్యలో నరాల పరీక్షలు చేయాలా, ఎంతసేపు పడుతుంది లాంటివి చూసుకుని మత్తు డాక్టర్ నిర్ణయిస్తారు. తల చర్మం నరాల దగ్గర తిమ్మిరి ఇంజెక్షన్ వేస్తే లేచాక నొప్పి తక్కువ, మార్ఫిన్ లాంటి మందుల అవసరం తక్కువ, అందువల్ల వాంతులూ తక్కువ. దీని గురించి అడగడం తప్పేమీ కాదు.

అడుగు 4: మెలకువ వచ్చిన మొదటి గంటలు

ఈ గంటల్లో బంధువులందరూ బిడ్డను పలకరించాలనుకుంటారు. వద్దు. ఒక్కరే పక్కన ఉండండి, మెల్లగా మాట్లాడండి.

తల ఎత్తు ఎంత ఉండాలో సర్జన్‌ని అడిగి, అలాగే ఉంచండి. చాలా ఆపరేషన్ల తర్వాత మంచం తలవైపు సుమారు 30 డిగ్రీలు ఎత్తుతారు. మెడ ఒక పక్కకు వంగకుండా తిన్నగా ఉంటే తలలోని రక్తం సులువుగా కిందికి దిగుతుంది. కానీ షంట్ (తలలో నిలిచిన మెదడు నీటిని కిందికి దింపే సన్నని గొట్టం) వేసిన కొందరు పిల్లలను కొన్నాళ్లు బల్లపరుపుగా పడుకోబెట్టమంటారు, ఎత్తితే నీరు మరీ ఎక్కువగా దిగిపోయి తలనొప్పి, వికారం వస్తాయని. అందుకే పక్క వార్డు బిడ్డను చూసి మీ బిడ్డ మంచం ఎత్తకండి.

పక్కకు తిప్పాల్సి వస్తే తల, భుజాలు, నడుము కలిపి నెమ్మదిగా తిప్పాలి. ఒక్కసారిగా లేపి కూర్చోబెడితే, చిన్నమెదడు దగ్గర ఆపరేషన్ అయిన బిడ్డకు గది అంతా గిర్రున తిరుగుతుంది. గదిలో వెలుతురు తగ్గించండి. సెంటు, బాడీ స్ప్రే వేసుకున్నవాళ్లు దగ్గరికి రాకూడదు. భోజనం డబ్బా బిడ్డ మంచం పక్కన తెరవకండి. ఫోన్‌లో వీడియో పెట్టి కాసేపు ఊరడిద్దామనిపిస్తుంది, కానీ కదిలే బొమ్మలు వికారాన్ని పెంచుతాయి. మొదటి రోజు పాట వినిపించడం, కథ చెప్పడం మేలు.

ఆపరేషన్ తర్వాత కొందరికి ఒకటి రెండుగా కనిపిస్తుంది. పిల్లలు ఆ మాట చెప్పలేరు, ఒక కన్ను మూసుకుంటారు లేదా తల వంచి చూస్తారు. అలా కనిపిస్తే డాక్టర్‌కు చెప్పండి. ఒక కంటికి పట్టీ వేస్తే ఒక్కోసారి వికారం తగ్గుతుంది.

మణికట్టు దగ్గర నొక్కే పద్ధతికి కూడా పరిశోధనల మద్దతు ఉంది. అరచేతి వైపు, మణికట్టు గీత నుంచి మోచేతి వైపుగా, బిడ్డవే మూడు వేళ్ల వెడల్పు కొలిచి, చర్మం కింద తాళ్లలా తగిలే రెండు స్నాయువుల మధ్య బొటనవేలితో మెత్తగా నొక్కి రెండు మూడు నిమిషాలు పట్టుకోండి. సెలైన్ సూది ఉన్న చేతికి మాత్రం వద్దు. మందుకు బదులుగా కాదు, మందుతో పాటు చేయాలి. ఏమీ చేయలేక కూర్చున్న తండ్రికి చేతిలో ఒక పని ఉండటం కూడా చిన్న లాభం కాదు.

అడుగు 5: తాగించడం, తినిపించడం

ఎక్కువ వాంతులు తెచ్చిపెట్టేది మన ప్రేమే. "నిన్నటి నుంచి ఏమీ తినలేదు, నాలుగు ముద్దలైనా పెడదాం" అనుకుంటాం. ఆపరేషన్ తర్వాత పిల్లలను బలవంతంగా తాగిస్తే వాంతులు పెరుగుతాయని, అడిగినప్పుడు ఇస్తే తగ్గుతాయని పరిశోధనల్లో తేలింది. సెలైన్ ఎక్కుతోంది కాబట్టి కొన్ని గంటలు నోటికి ఏమీ వెళ్లకపోయినా నష్టం లేదు.

మొదటి గుక్కకు ముందు ఒక ప్రశ్న తప్పనిసరి: "మింగడం సరిగా ఉందో లేదో చూశారా?" మెదడు వెనక భాగంలో ఆపరేషన్ అయితే మింగడానికి సాయపడే నరాలు తాత్కాలికంగా బలహీనపడవచ్చు. అప్పుడు నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. గొంతు గరగరలాడటం, తాగగానే దగ్గడం, చొంగ కారడం కనిపిస్తే ఆపి వెంటనే నర్సును పిలవండి.

అనుమతి వచ్చాక, బిడ్డ పూర్తిగా మేలుకుని, తనంతట తాను దాహం అన్నప్పుడు మొదలుపెట్టండి. సిరంజితోనో చెంచాతోనో 5 మిల్లీలీటర్లు ఇచ్చి ఐదు నిమిషాలు ఆగాలి. అది నిలిస్తే మళ్లీ 5. అరగంట సాఫీగా గడిస్తే 10. గ్లాసు చేతికిస్తే దాహంతో గటగటా తాగేస్తారు, కాసేపటికే అంతా బయటికి. ఆ తర్వాత మెత్తగా, నూనె, ఘాటు లేకుండా, వేడి పొగలు రాకుండా ఉండే తిండి కొద్దికొద్దిగా. చల్లారిన తిండికి వాసన తక్కువ. పాలు తాగే బిడ్డకు కొంచెం కొంచెం, తరచుగా పట్టి, మధ్యలో త్రేన్పు తీయించండి.

ఇంకో సంగతి మెదడు ఆపరేషన్లకే ప్రత్యేకం. ఆపరేషన్ తర్వాత కొందరు పిల్లల్లో శరీరం నీటిని అతిగా పట్టి ఉంచుతుంది, లేదా ఉప్పును మూత్రంలో పోగొట్టేస్తుంది. రెండు దారుల్లోనూ రక్తంలో సోడియం పడిపోతుంది. సోడియం పడిపోయినప్పుడు మొదట కనిపించేవి వికారం, వాంతి, తలనొప్పి, మగత. ముదిరితే ఫిట్స్. ఇది తెలియక "వాంతులవుతున్నాయి, నీరసపడుతుంది" అని ఉత్త నీళ్లు బాగా పట్టిస్తే పరిస్థితి ఇంకా చెడుతుంది. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి దగ్గర ఆపరేషన్ అయిన పిల్లల్లో దీనికి పూర్తి విరుద్ధంగా, బకెట్లకొద్దీ మూత్రం పోయి, సోడియం పెరిగిపోవడం కూడా జరుగుతుంది. కాబట్టి రోజుకు ఎంత ద్రవం, ఏ ద్రవం అన్నది డాక్టర్ చెప్పిన లెక్కే. తాగిన ప్రతి చెంచా, పోసిన ప్రతి మూత్రం, అయిన ప్రతి వాంతి టైమ్‌తో సహా ఒక నోట్‌బుక్‌లో రాయండి. నర్సులు రాస్తారు కదా అనుకోకండి, షిఫ్టులు మారుతుంటాయి.

అడుగు 6: వికారాన్ని వాంతి దాకా రానివ్వకండి

చిన్న పిల్లలకు వికారం అన్న మాట తెలియదు. "కడుపు నొప్పి" అంటారు, లేదా ఏమీ అనరు. మొహం పాలిపోవడం, చెమట, నోట్లో నీళ్లూరడం, మాటిమాటికీ మింగడం, ఆవులింతలు, ఉన్నట్టుండి మౌనంగా అయిపోవడం దాని గుర్తులు. ఇవి చూసిన వెంటనే చెబితే మందు పనిచేసే టైమ్ దొరుకుతుంది.

కొంచెం పెద్ద పిల్లల కోసం 2011లో వచ్చిన ఒక బొమ్మల స్కేల్ ఉంది. దాని పేరు బార్ఫ్. ఇంగ్లిష్ వాడుకలో ఆ మాటకు అర్థం వాంతే, డాక్టర్లకూ హాస్యం ఉంటుందన్నమాట. మామూలు మొహం నుంచి వాంతి చేసుకుంటున్న మొహం దాకా వరసగా ఆరు బొమ్మలు, వాటికి 0 నుంచి 10 వరకు అంకెలు. "నీ పొట్ట ఇప్పుడు ఏ బొమ్మలా ఉంది?" అని అడిగితే ఏడేళ్లు దాటిన బిడ్డ వేలితో చూపిస్తుంది. మీ ఆసుపత్రిలో అది లేకపోతే మీరే ఒక కాగితం మీద ఆరు మొహాలు గీయండి, పని నడుస్తుంది.

అలాగని ఐదు నిమిషాలకోసారి "వాంతి వస్తోందా? వస్తోందా?" అని అడిగితే రాని వికారం కూడా వస్తుంది. తాగించే ముందు ఒకసారి, మందు ఇచ్చాక అరగంటకు ఒకసారి చాలు. వాంతి గిన్నెను అందేంత దూరంలో, కంటికి కనపడని చోట పెట్టండి.

అడుగు 7: నొప్పి, మలబద్ధకం

నొప్పి ఎక్కువైతే వికారం, నొప్పి మందు ఎక్కువైనా వికారం. అందుకే పారాసెటమాల్‌ను నొప్పి వచ్చాక కాకుండా టైమ్ ప్రకారం ఇచ్చి, మార్ఫిన్ లాంటివి అవసరానికే వాడతారు. మామూలుగా కిలోకు 15 మిల్లీగ్రాములు, ఆరు గంటలకోసారి, రోజుకు నాలుగుసార్లకు మించకుండా. ఇంట్లో ఇచ్చే ప్రతిసారీ ముందు జ్వరం చూసి రాయండి, లేకపోతే పారాసెటమాల్ జ్వరాన్ని కప్పేస్తుంది. ఐబుప్రొఫెన్‌ను సర్జన్ ఒప్పుకోకుండా ఇవ్వకండి, రక్తస్రావం భయం ఉంటుంది. కోడీన్ ఉన్న మందులు 12 ఏళ్లలోపు పిల్లలకు వద్దని అమెరికా ఔషధ సంస్థ 2017లోనే చెప్పింది.

మార్ఫిన్, ఆన్‌డాన్‌సెట్రాన్ రెండూ మలబద్ధకం తెస్తాయి. పొట్ట బిగిస్తే వికారం, ముక్కితే తలలో ఒత్తిడి. రెండు రోజులు విరేచనం కాకపోతే అడగండి.

అడుగు 8: అయినా వాంతి అయితే

బిడ్డను పక్కకు తిప్పండి, నోరు కిందివైపు ఉండేలా. తల పట్టుకుని వెనక్కి వంచకండి. నోరు తుడిచి, ఎంత, ఏ రంగు, ఏ టైమ్ అన్నది చూసి నర్సుకు చెప్పండి. పావుగంట నుంచి అరగంట నోటికి ఏమీ ఇవ్వకుండా ఆగి, మళ్లీ 5 మిల్లీలీటర్ల నుంచి మొదలుపెట్టండి.

ముందే ఆన్‌డాన్‌సెట్రాన్ ఇచ్చి ఆరు గంటలు కాకపోతే అదే మళ్లీ ఇవ్వడం వల్ల ఉపయోగం తక్కువ, వేరే రకం మందు వెతుకుతారు. ఆ ఎంపిక పిల్లల్లో, అందులోనూ మెదడు ఆపరేషన్ తర్వాత, జాగ్రత్తగా జరగాలి. మెటోక్లోప్రమైడ్ పిల్లల్లో మెడ, కళ్లు వంకర్లు పోయేలా చేయవచ్చు. యూరప్ ఔషధ సంస్థ 2013లో దాన్ని ఏడాదిలోపు పిల్లలకు పూర్తిగా వద్దంది, పెద్ద పిల్లలకు వేరే మందు పనిచేయనప్పుడే, అదీ ఐదు రోజులకు మించకుండా అంది. ప్రోమెథజైన్ రెండేళ్లలోపు పిల్లల్లో ఊపిరి ఆపేయగలదు, పెద్ద పిల్లల్లో నిద్ర తెస్తుంది. నిద్ర వస్తే ఏముంది అనకండి. బిడ్డ మందు వల్ల మగతగా ఉందా, తలలో రక్తం చేరి మగతగా ఉందా అన్నది అప్పుడు ఎవరికీ తెలియదు. ప్రయాణంలో వాంతులకు చెవి వెనక అంటించే స్కోపలమైన్ ప్యాచ్ ఇంకో ఉచ్చు. దాన్ని తాకిన వేలు కంటికి తగిలితే ఆ కంటిపాప ఒక్కటే పెద్దదవుతుంది. మెదడు ఆపరేషన్ అయిన బిడ్డలో ఒక కంటిపాప పెద్దదైతే వార్డు మొత్తం పరుగెత్తాల్సి వస్తుంది. ఇంట్లో మిగిలిపోయిన ఏ వాంతి మందు సీసానూ మీరంతట మీరు తెరవకండి.

ఫిట్స్ మందు ఇచ్చిన కాసేపటికే వాంతి అయితే మళ్లీ ఇవ్వాలా అన్నది మందును బట్టి, ఎన్ని నిమిషాలైందన్న దాన్ని బట్టి మారుతుంది. డిశ్చార్జ్ కాకముందే ఒక్కో మందుకూ ఆ సంగతి అడిగి చీటీ మీద రాయించుకోండి. అర్ధరాత్రి అడగడానికి ఎవరూ దొరకరు.

అడుగు 9: ఇది మామూలు వాంతి కాదు అని ఎలా తెలుస్తుంది?

మత్తు వల్ల వచ్చే వాంతులు మొదటి 24 గంటల్లో ఎక్కువగా ఉండి, రెండో రోజుకు తగ్గుముఖం పడతాయి. తగ్గినవి మళ్లీ మొదలైనా, మూడో రోజు తర్వాత కొత్తగా వచ్చినా, రోజురోజుకూ పెరుగుతున్నా మత్తు మీదకు నెట్టేయకండి. వాంతితో పాటు కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆసుపత్రిలో ఉంటే వెంటనే పిలవండి, ఇంట్లో ఉంటే ఎమర్జెన్సీకి బయలుదేరండి.

- లేపితే లేవకపోవడం, లేచినా వెంటనే మగతలోకి జారిపోవడం, తికమకగా మాట్లాడటం
- తలనొప్పి పెరుగుతూ పోవడం, ముఖ్యంగా తెల్లవారుజామున తలనొప్పితో లేచి వాంతి చేసుకోవడం
- ఫిట్స్, కొత్తగా మెల్ల, కంటిపాపల్లో తేడా, ఒక చేయి లేదా కాలు బలహీనపడటం
- పసిబిడ్డల్లో నెత్తి మీది మాడు ఉబ్బడం, ఏడుపు గొంతు మారడం, చూపు కిందికే వాలిపోవడం
- కుట్ల దగ్గర వాపు, కుట్ల నుంచి గానీ ముక్కు నుంచి గానీ నీళ్లలా కారడం
- జ్వరం, మెడ బిగుసుకోవడం
- ఆకుపచ్చగా లేదా రక్తంతో వాంతి, 6 నుంచి 8 గంటలు మూత్రం రాకపోవడం

షంట్ ఉన్న బిడ్డకు వాంతులైతే, పొట్టలో ఇన్ఫెక్షన్ అని ఎవరు చెప్పినా, షంట్ సరిగా పనిచేస్తోందని తేలేదాకా ఊరుకోకండి. అది మూసుకుపోయినప్పుడు కనిపించే లక్షణాలూ ఇవే. ఇంకోటి: చిన్నమెదడు ఆపరేషన్ తర్వాత మొదటి వారంలో కొందరు పిల్లలు ఉన్నట్టుండి మాట్లాడటం మానేసి, విపరీతంగా చిరాకు పడతారు. అది వికారం వల్ల వచ్చిన అలక కాకపోవచ్చు, డాక్టర్‌కు చెప్పాలి.

అడుగు 10: ఇంటికి

ప్రయాణానికి ముందు గంటలో కడుపునిండా పెట్టకండి, అలాగని పూర్తి ఖాళీ కడుపుతోనూ వద్దు. బండిలో ముందుకు చూసేలా కూర్చోబెట్టి, మెడకు ఆసరా ఇవ్వండి. కిటికీ కొంచెం తెరవండి, ఫోన్ ఇవ్వకండి. వాంతి మందు రాసి ఉంటే బయలుదేరే ముందు ఎప్పుడు వేయాలో అడగండి.

స్టెరాయిడ్‌ను చెప్పిన ప్రకారం మెల్లగా తగ్గించాలి, తిన్న తర్వాతే వేయాలి. మొహం ఉబ్బిందని, ఆకలి ఎక్కువైందని మీరే ఆపేస్తే, ఒంట్లో సహజంగా స్టెరాయిడ్ తయారుచేసే అడ్రినల్ గ్రంథులు ఆ లోటు వెంటనే పూడ్చలేవు. అప్పుడు వచ్చేవి కూడా వాంతులు, నీరసమే. స్టెరాయిడ్ వేసుకున్నాక వాంతి అయి, రెండోసారీ నిలవకపోతే ఆ రోజే ఫోన్ చేయండి, మర్నాటి దాకా ఆగకండి.

నోట్‌బుక్‌లో ఆఖరి పేజీ ఒకటి ఉంచుకోండి. ఈసారి ఏ మందులతో మత్తు ఇచ్చారు, వాంతులకు ఏవి ఇచ్చారు, ఏది పనిచేసింది, ఏది పడలేదు, ఎన్ని గంటలకు తగ్గాయి అన్నది డిశ్చార్జ్ రోజునే మత్తు డాక్టర్‌ని అడిగి రాయించండి. కొన్ని నెలలకు మత్తు ఇచ్చి ఎమ్ఆర్ఐ తీయాల్సి రావచ్చు, షంట్ మార్చాల్సి రావచ్చు. అప్పుడు వచ్చే డాక్టర్ వేరే అయినా, మొదటి ప్రశ్నకు జవాబు మీ చేతిలోనే ఉంటుంది.